విమానాల రూల్స్: గ్లోబల్ 1940 ఆడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం మీద ఆడే బోర్డు ఆట యాక్సిస్ అండ్ అలైస్‌లో గొడవలు ఎక్కువగా విమానాల దగ్గరే మొదలవుతాయి. సైనికుల బొమ్మ ఎక్కడికి వెళ్లగలదో చూడగానే తెలిసిపోతుంది. విమానం సంగతి వేరు. అది వెళ్లాలి, కొట్టాలి, తిరిగి రావాలి, దిగడానికి చోటుండాలి, ఆ చోటు ఈలోగా చేజారిపోకూడదు. కింది జవాబులన్నీ యూరప్ 1940, పసిఫిక్ 1940 బోర్డులు కలిపి ఆడే గ్లోబల్ 1940కి, అందులోనూ 2012లో వచ్చిన రెండో ఎడిషన్‌కి సంబంధించినవి. పాత ఎడిషన్లకు అలవాటు పడినవాళ్లు తడబడే చోట్ల తేడా కూడా చెప్పాను. భూభాగమైనా సీ జోన్ (సముద్రంలో ఒక విభాగం) అయినా ఇక్కడ "గడి" అనే అంటున్నాను.

విమానాలు ఎన్ని రకాలు? ఏది ఎంత?

మూడు రకాలు. ఫైటర్ ధర 10 ఐపీసీలు (ఆటలో వాడే డబ్బు), దాడి 3, రక్షణ 4, కదలిక 4 గడులు. టాక్టికల్ బాంబర్ ధర 11, దాడి 3, రక్షణ 3, కదలిక 4. స్ట్రాటజిక్ బాంబర్ ధర 12, దాడి 4, రక్షణ 1, కదలిక 6. పాచిక మీద ఆ అంకె గానీ, అంతకన్నా తక్కువ గానీ పడితే హిట్. 1984 నాటి పెట్టెలో ఫైటర్ 12, బాంబర్ 15 ఉండేవి. ధరలు తగ్గాక బోర్డు మీద విమానాలు బాగా పెరిగాయి. అందుకే ఈ రూల్స్ నోటికి వచ్చి ఉండటం ఇప్పుడు మరింత అవసరం.

గడులు ఎలా లెక్కపెట్టాలి?

బయలుదేరిన గడిని వదిలేసి, అడుగుపెట్టిన ప్రతి గడినీ లెక్కపెట్టాలి. ఒక వంతులో దాడికి వెళ్లిన దూరం, దాడి తర్వాత దిగడానికి పోయిన దూరం రెండూ కలిపి ఆ విమానం కదలిక దాటకూడదు. ఫైటర్ 3 గడులు వెళ్లి దాడి చేస్తే, దిగడానికి ఒక్క గడే మిగిలింది.

ద్వీపాల దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. ద్వీపం ఒక గడి, దాని చుట్టూ ఉన్న సీ జోన్ ఇంకో గడి. హవాయి మీదున్న ఫైటర్ 26వ సీ జోన్‌లోని ఓడల్ని కొట్టి మళ్లీ హవాయిలోనే దిగితే 2 గడులు ఖర్చయినట్టు. బొమ్మను అంగుళం కూడా జరపలేదు కదా అని వాదించేవాళ్లు ప్రతి ఆటలోనూ ఉంటారు. రూల్ వాళ్ల పక్షాన లేదు.

క్యారియర్ (విమానాల్ని మోసే ఓడ) మీదున్న విమానం ఆ సీ జోన్‌లో ఉన్నట్టే లెక్క. పక్క సీ జోన్‌కి వెళ్తే 1. మీ క్యారియర్ కదలకముందే మీ విమానాలు దాని మీంచి లేవాలి. ముందు క్యారియర్‌ని రెండు గడులు జరిపి, అక్కడి నుంచి ఫైటర్‌కి కొత్తగా నాలుగు గడులు లెక్కపెట్టడం కుదరదు.

శత్రు భూభాగం మీదుగా ఎగిరితే కాల్పులు ఉంటాయా?

ఉండవు. పాత ఎడిషన్లలో దారిలో ఉన్న ఏఏ గన్ (విమానాల్ని కూల్చే ఫిరంగి) కూడా పాచిక వేసేది. ఈ ఎడిషన్‌లో దాడి జరిగే గడిలో ఉన్నవే కాలుస్తాయి. తటస్థ దేశాలు మాత్రం వేరు. స్విట్జర్లాండ్ లాంటి దేశం మీదుగా అడ్డదారిన పోవడానికి వీల్లేదు.

విమానం ఎక్కడ దిగొచ్చు?

మీ వంతు మొదలైనప్పుడే మీది గానీ, మీ మిత్రపక్షానిది గానీ అయి ఉన్న భూభాగంలో. ఈ వంతులోనే గెలుచుకున్న చోట దిగకూడదు. విడిపించిన మిత్రుడి భూభాగానికీ ఇదే వర్తిస్తుంది.

బాగా ఆడేవాళ్లు ఈ రూల్‌ని తిరగేసి వాడుకుంటారు. ఆట వరస చూడండి: జర్మనీ, సోవియట్ యూనియన్, జపాన్, అమెరికా, చైనా, బ్రిటన్, ఇటలీ, ఆన్జాక్ (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్), ఫ్రాన్స్, మళ్లీ జర్మనీ. ఇటలీ తన వంతులో ఒక భూభాగం గెలిచి, జర్మనీ వంతు వచ్చేదాకా నిలబెట్టుకుంటే జర్మన్ విమానాలకు అది మొదటి నుంచీ మిత్రుడి నేలే. నిశ్చింతగా దిగొచ్చు. మధ్యలో వచ్చే ఆన్జాక్, ఫ్రాన్స్ యూరప్ వైపు పెద్దగా ఏమీ చేయలేవు. రష్యా మీదికి పోయే జర్మన్ బాంబర్లకి ఇటలీ ముందు వెళ్లి రన్‌వే వేస్తున్నట్టు ఉంటుంది ఈ పద్ధతి. ఇటలీ చేతిలో నాలుగు ట్యాంకులు ఎందుకని అడిగేవాళ్లకి ఇదే నా జవాబు.

దిగే చోటు లేకుండా దాడికి పంపొచ్చా?

కావాలని పంపకూడదు. కాంబాట్ మూవ్‌లో (దళాల్ని దాడికి కదిపే దశలో) విమానాన్ని కదిపేటప్పుడే అది బతికి దిగడానికి కనీసం ఒక దారి ఉందని ఎదుటివాళ్లు అడిగితే చూపించగలగాలి. ఆ దారి ఎంత సన్నగా ఉన్నా చాలు. మీ పాచికలన్నీ హిట్లు, అవతలివాళ్లవన్నీ మిస్సులు అనుకుని లెక్క వేసే వెసులుబాటు రూల్సే ఇస్తున్నాయి. అంటే "ఈ సీ జోన్‌లో యుద్ధం గెలుస్తా, అప్పుడు క్యారియర్ ఇలా వస్తుంది, ఫైటర్ దాని మీద దిగుతుంది" అనడం చెల్లుతుంది. ఆ గెలుపు దాదాపు అసాధ్యం అయినా సరే.

చెల్లనిది ఒకటి ఉంది. "క్యారియర్‌ని యుద్ధంలోకి పంపి, తర్వాత ఫలానా గడిలోకి వెనక్కి తీసుకుంటా, అక్కడ దిగుతుంది" అని ముందే చూపించకూడదు.

అలాగే, ఫలానా క్యారియర్ నాన్ కాంబాట్ మూవ్‌లో (యుద్ధాలయ్యాక దాడి లేకుండా కదిపే దశలో) వెళ్లి ఎక్కించుకుంటుందని చెప్పి దాడి చేశాక, ఆ క్యారియర్‌ని ఇంకో పనికి వాడుకోకూడదు. ఆ విమానం కూలిపోయినా, వేరే చోట క్షేమంగా దిగినా అప్పుడు క్యారియర్‌కి స్వేచ్ఛ వస్తుంది. మాట ఇచ్చి తప్పే ఆటగాళ్ల మీద పెట్టిన కట్టుబాటు ఇది. నిజాయితీగా ప్రయత్నించినా పాచికలు కలిసిరాక దిగే చోటు లేకుండా పోతే, ఆ విమానం పోయినట్టే.

క్యారియర్ ఎన్నింటిని మోస్తుంది? కొత్తగా కొన్న క్యారియర్ మీద దిగొచ్చా?

ఫైటర్లు, టాక్టికల్ బాంబర్లు ఏవైనా కలిపి రెండు. క్యారియర్ ధర 16, దాడి 0, రక్షణ 2. రెండు హిట్లు తగిలితేనే మునుగుతుంది.

కొత్త క్యారియర్ మీద దిగొచ్చు. ఈ వంతులో కొని, వంతు చివర ఏ సీ జోన్‌లో పెట్టబోతున్నారో ఆ సీ జోన్‌లోకి నాన్ కాంబాట్ మూవ్‌లో ఫైటర్ వెళ్లి ఆగొచ్చు. ఓడ పెట్టగానే దాని మీదికి చేరుతుంది. దాడి పరిధిని పెంచడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు. అవతలివాళ్లు 16 ఐపీసీలు పక్కన పెట్టారంటే మ్యాప్ మీద వాళ్ల ఫైటర్ల లెక్క మళ్లీ మొదటినుంచి వేసుకోండి.

మిత్రుల విమానాలు కూడా మీ క్యారియర్ ఎక్కొచ్చు. మీ వంతులో అవి కేవలం సరుకు. క్యారియర్ దాడికి వెళ్తే అవి పోరాడవు, ఓడ మునిగితే దాంతోపాటే పోతాయి. అదే క్యారియర్ మీద శత్రువు దాడి చేస్తే మాత్రం ఎవరి విమానాలైనా అన్నీ గాల్లోకి లేచి రక్షణ పాచికలు వేస్తాయి.

ఒక హిట్ తగిలిన క్యారియర్ మీద ఏ విమానం లేవదు, దిగదు. నేవల్ బేస్ (నౌకా స్థావరం) దగ్గర బాగుచేసుకునేదాకా అంతే. అతిథి విమానాలు లోపల ఉండగా దెబ్బ తగిలితే అవి అక్కడే చిక్కుకుపోతాయి. కొత్తవాళ్లు మొదటి హిట్‌ని ఫ్రీగా దొరికినట్టు క్యారియర్ మీద వేసేస్తారు. ఆ తర్వాత గాల్లో ఉన్న రెండు ఫైటర్లకి చోటు వెతుక్కుంటారు. 20 ఐపీసీల విమానాలు సముద్రంలో కలిపేకన్నా ఒక డిస్ట్రాయర్‌ని వదులుకోవడం చాలాసార్లు మేలు.

రక్షణలో ఉన్న క్యారియర్ పోతే దాని విమానాల గతి?

దాడి చేసినవాళ్ల యుద్ధాలన్నీ అయ్యాక, వాళ్ల నాన్ కాంబాట్ మూవ్ మొదలవకముందు, ఆ విమానాలు ఒక్క గడి కదిలి దిగడానికి చోటు చూసుకోవచ్చు. అదే సీ జోన్‌లో ఖాళీ ఉన్న ఇంకో క్యారియర్, పక్కనున్న మిత్ర భూభాగం, పక్క సీ జోన్‌లోని క్యారియర్, ఏదైనా సరే. దొరక్కపోతే పోయినట్టే. అందుకే నడిసముద్రంలో నిండా విమానాలతో ఒంటరి క్యారియర్‌ని ఆపడం నాకు ఎప్పుడూ నచ్చదు. ద్వీపం పక్కన ఆపడానికి అదనంగా ఖర్చేమీ లేదు.

స్ట్రాటజిక్ బాంబర్‌ని క్యారియర్ మీంచి లేపొచ్చా? 1942లో అమెరికా చేసింది కదా?

చేసింది. 1942 ఏప్రిల్ 18న డూలిటిల్ నాయకత్వంలో 16 బీ-25 బాంబర్లు హార్నెట్ మీంచి లేచి జపాన్ మీద బాంబులు వేశాయి. కానీ వాటిలో ఒక్కటి కూడా మళ్లీ ఓడ మీద దిగలేదు, దిగే వీలు కూడా లేదు. పదిహేను చైనా వైపు వెళ్లి నాశనమయ్యాయి, ఒకటి వ్లాదివొస్తోక్ దగ్గర దిగింది. ఆటలో స్ట్రాటజిక్ బాంబర్ క్యారియర్ ఎక్కనే ఎక్కదు.

విమానాలతోనే భూభాగం గెలవొచ్చా?

గెలవలేరు. అక్కడున్న శత్రు దళాలన్నిటినీ తుడిచిపెట్టినా జెండా మారదు. కనీసం ఒక భూదళం బతికి ఆ గడిలో ఉండాలి. చివరి రౌండులో ఒక సైనికుడూ ఒక బాంబరూ మిగిలి, ఒక హిట్ తీసుకోవాల్సి వస్తే 3 ఐపీసీల సైనికుణ్ణి ఇవ్వాలా, 12 ఐపీసీల బాంబర్‌ని ఇవ్వాలా అనేది ఆ భూభాగం విలువను బట్టి తేల్చుకోవాలి. రాజధాని అయితే బాంబర్‌నే ఇచ్చేయండి.

ఏఏ గన్ ఎన్నిసార్లు కాలుస్తుంది?

యుద్ధం మొదటి రౌండుకి ముందు, ఒక్కసారే. ఒక్కో గన్‌కి గరిష్ఠంగా మూడు పాచికలు, అయితే వచ్చిన విమానాల సంఖ్యని మించకూడదు. నాలుగు విమానాలు వచ్చి ఒక గన్ ఉంటే 3 పాచికలు, రెండు గన్‌లు ఉంటే 4. పడిన ప్రతి 1కీ ఒక విమానం పోతుంది. ఏది పోవాలో దాడి చేసేవాళ్లే ఎంచుకుంటారు. మూడు పాచికల్లో కనీసం ఒక 1 పడే అవకాశం సుమారు 42 శాతం. 5 ఐపీసీల గన్‌కి అది చెడ్డ బేరం కాదు. పైగా ఈ ఎడిషన్‌లో గన్‌ని హిట్ కింద ఇచ్చేయొచ్చు కూడా. కానీ శత్రువు దగ్గర విమానాలు లేని సరిహద్దులో గన్ పెట్టడం శుద్ధ దండగ.

టాక్టికల్ బాంబర్ దాడి 4 ఎప్పుడవుతుంది?

ఒక ఫైటర్‌తో గానీ ఒక ట్యాంకుతో గానీ జత కలిసినప్పుడు. ఒక్కదానికి ఒక్కటే జత. మూడు టాక్టికల్ బాంబర్లు, ఒక ఫైటర్, ఒక ట్యాంకు ఉంటే రెండు బాంబర్లు 4తో, మూడోది 3తో కొడతాయి. యుద్ధం మధ్యలో జత పోతే తర్వాతి రౌండు నుంచి ఆ అదనపు బలం కూడా పోతుంది. హిట్లు ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

సబ్‌మెరైన్ మీద విమానాలతో దాడి చేశాను, హిట్ పడింది. కానీ లెక్కలోకి రాదంటున్నారు. నిజమేనా?

నిజమే, మీ పక్షాన ఆ యుద్ధంలో డిస్ట్రాయర్ లేకపోతే. విమానాల హిట్లు సబ్‌మెరైన్‌కి తగలాలంటే డిస్ట్రాయర్ తోడుండాలి. సబ్‌మెరైన్ కూడా విమానాన్ని కొట్టలేదు. దాని హిట్లు ఓడలకే వెళ్తాయి. 8 ఐపీసీల ఒక్క డిస్ట్రాయర్‌ని వెంట పంపితే ఈ ఇబ్బంది తీరిపోతుంది. రక్షణ లేని ట్రాన్స్‌పోర్ట్‌లని అయితే విమానాలు ఒంటరిగానే ముంచేస్తాయి.

యుద్ధం మధ్యలో విమానాలు వెనక్కి తగ్గొచ్చా?

దాడి చేసేవాళ్లు తగ్గొచ్చు. విమానాలు అప్పటికి ఆ గడిలోనే ఉండి, నాన్ కాంబాట్ మూవ్‌లో మిగిలిన కదలికతో వెళ్లి దిగుతాయి. సముద్రం మీంచి దిగిన సైనికులకు వెనక్కి తగ్గే హక్కు లేదు. వాళ్లతో వచ్చిన విమానాలకు మాత్రం ఉంది. రక్షణలో ఉన్నవాళ్లకు ఆ అవకాశమే లేదు.

ఫ్యాక్టరీల మీద బాంబింగ్ ఎలా? లాభమేనా?

ముందు వరస చెప్తాను. బాంబర్లు, వాటికి కాపలాగా ఎన్ని ఫైటర్లు కావాలంటే అన్ని వస్తాయి. రక్షణలో ఉన్నవాళ్లు అక్కడున్న ఫైటర్లని ఎదురు పంపొచ్చు, పంపకపోవచ్చు. పంపితే ఒకే ఒక్క రౌండు గాలియుద్ధం. ఫైటర్ బలం అక్కడ 3, 4 కాదు. రెండు వైపులా 1 పడితేనే హిట్. ఆ తర్వాత ఫ్యాక్టరీకి సొంతంగా ఉన్న ఏఏ ప్రతి బాంబర్ మీద ఒక పాచిక వేస్తుంది, 1 పడితే ఆ బాంబర్ పోతుంది. కాపలా ఫైటర్ల మీద వేయదు. బోర్డు మీద కొని పెట్టుకున్న ఏఏ గన్‌లకు ఇక్కడ పనే లేదు. ఇది చాలామందికి తెలియదు. బతికిన ఒక్కో స్ట్రాటజిక్ బాంబర్ పాచిక వేసి, దానికి 2 కలిపి అంత నష్టం చేస్తుంది. యజమాని ఒక్కో నష్టానికి 1 ఐపీసీ ఇచ్చి బాగుచేసుకోవాలి, లేదంటే అక్కడ తయారయ్యే దళాల సంఖ్య అంత తగ్గుతుంది.

ఇక లాభనష్టాలు. ఎదురు ఫైటర్లు లేవనుకోండి. బాంబర్ ఆరింట ఐదుసార్లు బతుకుతుంది, సగటు నష్టం 5.5. అంటే ఒక్కో దాడికి సుమారు 4.6 ఐపీసీల దెబ్బ. ఆరింట ఒకసారి 12 ఐపీసీల బాంబర్ పోతుంది కాబట్టి సగటున మీకు 2 ఐపీసీల ఖర్చు. మిగిలేది 2.6. లాభమే. కానీ మైనర్ ఫ్యాక్టరీకి గరిష్ఠ నష్టం 6, మేజర్‌కి 20. మైనర్ ఫ్యాక్టరీ మీదికి మూడు బాంబర్లు పంపితే మూడోదాని పాచిక ఎక్కువసార్లు వృథా. మాస్కో, లండన్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు, అదీ అవతలివాళ్లు ప్రతి ఐపీసీకీ తడుముకుంటున్న దశలో, అప్పుడు వెళ్లండి. ఆట మొదట్లోనే బాంబర్లన్నీ దీనికే వాడటం తొందరపాటు. అవే బాంబర్లు సముద్రంలో ఓడల్ని బెదిరిస్తూ నిలబడితే అవతలివాళ్లు రక్షణ ఓడల మీద అంతకన్నా ఎక్కువ ఖర్చు పెడతారు.

కాపలా లేకుండా పంపడం గురించి చరిత్ర కూడా ఒక మాట చెబుతుంది. 1943 అక్టోబర్ 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ మీదికి వెళ్లిన అమెరికన్ బీ-17 బాంబర్లలో 60 తిరిగి రాలేదు. లక్ష్యం దాకా తోడు వెళ్లగల ఫైటర్లు అప్పుడు లేవు. ఆటలో ఎదురు ఫైటర్లు 1కే కొడతాయి కాబట్టి అంత దారుణం జరగదు. అయినా నాలుగైదు ఫైటర్లున్న చోటికి ఒంటరి బాంబర్‌ని పంపితే లెక్క తిరగబడుతుంది.

టాక్టికల్ బాంబర్లు ఫ్యాక్టరీని కొట్టలేవు. ఎయిర్ బేస్‌నీ, నేవల్ బేస్‌నీ కొట్టగలవు, 2 కలపకుండా.

ఎయిర్ బేస్ వల్ల ప్రయోజనం ఏమిటి? స్క్రాంబుల్ అంటే?

15 ఐపీసీలకి రెండు ప్రయోజనాలు. అక్కడి నుంచి లేచిన విమానానికి ఒక గడి అదనం: ఫైటర్‌కి 5, స్ట్రాటజిక్ బాంబర్‌కి 7. దిగేటప్పుడు ఏమీ రాదు. రెండోది స్క్రాంబుల్. ద్వీపంలో గానీ తీరంలో గానీ పనిచేస్తున్న ఎయిర్ బేస్ ఉంటే, అక్కడి ఫైటర్లు, టాక్టికల్ బాంబర్లు కలిపి మూడింటిదాకా పక్క సీ జోన్‌లో జరిగే యుద్ధానికి రక్షణగా లేవొచ్చు. మొదటి వంతులో జర్మనీ 110వ సీ జోన్‌లోని బ్రిటిష్ ఓడల మీదికి వస్తే లండన్ ఫైటర్లు లేవాలా వద్దా అన్నది బ్రిటన్‌కి ఆటలో వచ్చే మొదటి టెన్షన్.

స్క్రాంబుల్ నిర్ణయం ఎప్పుడు? దాడి చేసేవాళ్ల కాంబాట్ మూవ్ మొత్తం అయ్యాక, ఒక్క పాచిక కూడా పడకముందు. లేచిన విమానాలు ఆ వంతులో ఇంకేమీ చేయలేవు. వెనక వాళ్ల భూభాగం మీద దాడి జరిగితే దాన్ని కాపాడలేవు, బాంబర్లకు ఎదురు వెళ్లలేవు. యుద్ధం అయ్యాక సొంత భూభాగానికే వస్తాయి. అది శత్రువు చేతికి పోతే ఒక్క గడి కదిలి వేరే చోటు చూసుకోవాలి.

స్క్రాంబుల్‌ని ఆపడానికి బేస్ మీద బాంబులు వేయొచ్చా?

వేయొచ్చు, కానీ అదే వంతులో ఉపయోగం లేదు. బాంబింగ్ ఫలితం తేలేది స్క్రాంబుల్ నిర్ణయం అయిపోయాకే. మీ మిత్రుడు ముందు వంతులో వేయాలి. నష్టం 3కి చేరితే బేస్ పనిచేయడం ఆగిపోతుంది. స్ట్రాటజిక్ బాంబర్ పాచిక మీద అతి తక్కువగా 1 పడినా, 2 కలిపితే 3. అంటే ఏఏ నుంచి తప్పించుకున్న ఒక్క బాంబర్ చాలు, బేస్ ఖచ్చితంగా మూతపడుతుంది. ఇటలీ బాంబర్ లండన్ బేస్‌ని కొడితే, బ్రిటన్‌కి బాగుచేసుకునే వంతు రాకముందే జర్మనీ వంతు వచ్చేస్తుంది. ఫైటర్లు అక్కడే ఉంటాయి, లేవలేవు. ఇటలీ దగ్గర స్ట్రాటజిక్ బాంబర్ కనిపించిన రోజే బ్రిటన్ ఆటగాడు జాగ్రత్త పడాలి.

బాగుచేసేటప్పుడు ఒక చిట్కా: గరిష్ఠ నష్టం 6 ఉన్నా, 4 ఐపీసీలు కట్టి 2కి తెస్తే బేస్ మళ్లీ నడుస్తుంది. మిగతా రెండూ తీరికగా కట్టుకోవచ్చు.

రక్షణకి ఫైటర్లు కొనడం మంచిదేనా?

ఒకే చోట కదలకుండా కాపలా కాయడానికైతే కాదు. 9 ఐపీసీలకి ముగ్గురు సైనికులు వస్తారు, సగటున రౌండుకి ఒక హిట్ కొడతారు, మూడు హిట్లు భరిస్తారు. 10 ఐపీసీల ఫైటర్ సగటున 0.67 కొట్టి ఒక్క హిట్‌తో పోతుంది. ఈ వంతు ఇక్కడ దాడి చేసి, వచ్చే వంతు నాలుగు గడుల అవతల రక్షణకి నిలబడాల్సిన పని ఉంటే మాత్రం ఫైటర్‌కి సాటి లేదు. బ్రిటన్ ఫైటర్లు మాస్కో చేరి కాపలా కాయడం అందుకే అంత మామూలైపోయింది.

టెక్నాలజీ రూల్స్ ఆడితే విమానాలకు ఏం మారుతుంది?

ఇవి అందరూ ముందే ఒప్పుకుంటేనే. 5 ఐపీసీలకి ఒక పాచిక, 6 పడితే ఫలితం. జెట్ ఫైటర్లు వస్తే దాడి 4 అవుతుంది. లాంగ్ రేంజ్‌తో ఒక గడి పెరుగుతుంది. రాడార్ ఉన్నవాళ్ల ఏఏ 1కీ 2కీ కూడా కొడుతుంది. నా మటుకు ఆ 5 ఐపీసీలతో సైనికుల్ని కొనడమే ఇష్టం.

చైనా ఫైటర్, జపాన్ కామికాజీ: వీటికి వేరే రూల్సా?

అవును. చైనాకి ఉన్నది ఒక్క ఫైటరే, ఫ్లయింగ్ టైగర్స్ (చైనా తరఫున పోరాడిన అమెరికన్ పైలట్ల దళం) పేరు మీద. చైనా భూభాగాలు, క్వాంగ్‌టుంగ్, బర్మా దాటి వెళ్లకూడదు. పోతే మళ్లీ కొనే వీలు లేదు. అసలు ఫ్లయింగ్ టైగర్స్ 1941 డిసెంబర్ 20న గానీ మొదటి యుద్ధం చేయలేదు, ఆట మాత్రం వాళ్లని 1940లోనే దింపేసింది. చైనాకి అంత సాయం లేకపోతే ఆట నడవదు కాబట్టి పోనీయండి అనుకోవాలి.

కామికాజీలు (జపాన్ ఆత్మాహుతి విమాన దాడులు) ఆటలో విమాన బొమ్మలే కావు. జపాన్ దగ్గర మొత్తం 6 టోకెన్లు ఉంటాయి. బోర్డు మీద గుర్తు వేసిన సీ జోన్లలోనే, నీటి మీదుండే యుద్ధ నౌకల మీదే వాడాలి. సబ్‌మెరైన్, ట్రాన్స్‌పోర్ట్‌ల మీద కుదరదు. ఏ ఓడ మీదో ముందే చెప్పి పాచిక వేయాలి, 2 లేదా అంతకన్నా తక్కువ పడితే హిట్. తగిలినా తగలకపోయినా ఆ టోకెన్ పెట్టెలోకి పోతుంది.